ఆడే ఆట, ఆడించే ఆట

పిల్లలూ! ఈ నెల మీకొక రహస్యం చెప్పబోతున్నాను. మిగతా సైన్సు మాష్టార్ల సంగతి నాకు తెలియదు గాని, ఈ మాష్టారికి మాత్రం వీడియో గేములంటే మహా ఇష్టం. వయసు యాభై దాటింది. అయినా సెలవురోజున భోజనం అయ్యాక కళ్ళజోడు సవరించుకుని ఓ అరగంట ఆడనిదే నాకు తోచదు. "ఈ వయసులో ఇదేం పిచ్చి!" అని మా ఇంట్లో నవ్వుతారు.

ఈ మాట మా స్టాఫు రూములో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. "ఈ కాలం పిల్లలు గేములతో పాడైపోతున్నారు" అని అక్కడ ఎవరో ఒకరు రోజూ అంటూనే ఉంటారు. నేను కూడా అవునవునని తల ఊపేవాణ్ణి. అలా ఊపీ ఊపీ చివరకు ఒక పొరపాటు చేశాను. ఆ పొరపాటు గురించి చెప్పడానికే ఈ వ్యాసం. కాని ముందు నాకీ పిచ్చి ఎలా పట్టిందో వినండి.

1986లో నేను పదో తరగతి చదువుతున్నాను. సంక్రాంతికి మా దగ్గరి పట్నంలో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీలు, మృత్యుకూపంలో మోటారు సైకిలు, చేటంత ఢిల్లీ అప్పడం - అన్నీ ఉన్నాయి. ఒక మూల గుడారంలో బీరువాలాంటి పెట్టె, దానికి చిన్న తెర. తెరమీద వరుసలు వరుసలుగా పురుగుల్లాంటి శత్రువులు అటూ ఇటూ కదులుతూ కిందికి దిగుతున్నాయి. అడుగున మనకొక ఫిరంగి. ఒక ఆటకు ఒక రూపాయి. నా జేబులో ఉన్నవి రెండే రూపాయలు. ఒకటి అప్పడానికి, రెండోది బస్సుకు. రెండూ ఆ పెట్టె మింగేసింది. రాత్రివేళ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.

ఆ నడకలో ఒక ప్రశ్న నన్ను వదలలేదు. మొదట్లో ఆ శత్రువులు నింపాదిగా కదిలాయి. నేను చంపుతున్నకొద్దీ మిగిలినవాటి వేగం పెరిగింది. చివరి ఒక్కటీ మిగిలేసరికి అది బాణంలా పరుగెత్తింది. ఎందుకని? తోటివాళ్ళు చచ్చారని దానికి కోపం వచ్చిందా?

దీనికి జవాబు నాకు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. ఆ ఆట పేరు 'స్పేస్ ఇన్వేడర్స్'. జపానుకు చెందిన తొమోహిరో నిషికాదో అనే ఇంజనీరు 1978లో దాన్ని తయారుచేశాడు. అందులో శత్రువులు వరుసకు 11 చొప్పున అయిదు వరుసలు, అంటే మొత్తం 55. ఆ రోజుల్లో కంప్యూటర్ల పని చాలా నెమ్మది. తెరమీద బొమ్మ సెకండుకు 60 సార్లు కొత్తగా పడుతుంది. ఒక్కొక్కసారికి ఆ యంత్రం కదపగలిగేది ఒక్క శత్రువునే! కాబట్టి 55 శత్రువులూ ఒక్కో అడుగు వేయాలంటే 55/60 సెకండు పడుతుంది. అంటే దాదాపు ఒక సెకండు. పది మిగిలాయనుకోండి, 10/60 సెకండు చాలు. ఒక్కటే మిగిలితే? సెకండుకు 60 అడుగులు!

చూశారా? దానికి కోపమూ లేదు, తాపమూ లేదు. యంత్రానికి పని తగ్గింది, అంతే. నిజానికి అది యంత్రంలోని లోపం. కాని ఆ లోపంవల్లే ఆట రక్తి కట్టిందని నిషికాదో గ్రహించి, దాన్ని సరిదిద్దకుండా అలాగే ఉంచాడు. ఒక చిన్న భాగహారం తెరమీద అంత ఉత్కంఠ పుట్టించిందని తెలిసిన రోజున, ఎగ్జిబిషనులో పోయిన నా రెండు రూపాయలూ తిరిగి వచ్చినట్టయింది.

అందుకే నా మొదటి అభిప్రాయం ఇది. ఆటలోని నియమం తెలిస్తే ఆట రుచి తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది రెట్టింపవుతుంది. 1980లో వచ్చిన 'ప్యాక్‌మాన్' సంగతే తీసుకోండి. అందులో మనల్ని నాలుగు భూతాలు తరుముతాయి. కూడబలుక్కుని చుట్టుముడుతున్నట్టే ఉంటుంది. అసలు సంగతి ఏమిటంటే ఒక్కో భూతానికి ఒక్కో చిన్న నియమం ఉంది. ఒకటి మనం ఉన్న గడికే నేరుగా వస్తుంది. ఇంకొకటి మనకు నాలుగు గడులు ముందున్న చోటికి గురిపెడుతుంది. మరొకటి దూరంగా ఉన్నంతసేపూ తరుముతుంది, ఎనిమిది గడుల లోపలికి వచ్చిందంటే పక్కకు తప్పుకుంటుంది. బుద్ధి అనేదేమీ లేకుండా, నియమాలతోనే బుద్ధి ఉన్నట్టు కనిపించడం! చీమల బారును చూసి శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపోయేది ఇందుకే గదా.

ఇక 'పిచ్చి' అనే మాట గురించి. ఏదైనా ఒక విషయంమీద మితిమీరిన ఇష్టం ఉన్నవాణ్ణి ఇంగ్లీషులో 'గీక్' అంటారు. ఒకప్పుడు అమెరికా సంతల్లో బతికున్న కోడి తల కొరికి జనాన్ని జడిపించే ఆటగాణ్ణి ఆ పేరుతో పిలిచేవారట. తర్వాత అది తిట్టయింది. ఇప్పుడు అదే మాటను జనం గర్వంగా చెప్పుకుంటున్నారు. మన తెలుగులో 'పిచ్చి' కూడా ఇలాంటిదే. సినిమా పిచ్చి, రేడియో పిచ్చి, క్రికెట్ పిచ్చి - అనేవాళ్ళు తిట్టినట్టే అంటారు, పడేవాళ్ళు లోలోపల మురిసిపోతారు.

మరి ఏ పిచ్చి మంచిది, ఏ పిచ్చి చెడ్డది? దీనికి నాకొక కొలబద్ద ఉంది. మంచి పిచ్చి ప్రశ్నలు పుట్టిస్తుంది. ఆ ప్రశ్నలకు దొరికిన జవాబులను నలుగురికీ పంచాలనిపిస్తుంది.

1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు కలిసి 'స్పేస్‌వార్' అనే ఆట తయారుచేశారు. వాళ్ళు వాడిన పి.డి.పి.-1 కంప్యూటర్ లక్ష డాలర్ల పైన ఖరీదు చేసేది. రెండు అంతరిక్ష నౌకలు ఒకదాన్నొకటి కాల్చుకోవడమే ఆట. అంతటితో ఊరుకోలేదు ఆ మిత్రబృందం. ఒకాయన తెర నడుమ ఒక నక్షత్రాన్ని ఉంచి, దానికి గురుత్వాకర్షణ జోడించాడు. నౌకను తిన్నగా పోనిస్తే నక్షత్రంలో పడిపోతుంది, ఒడుపుగా నడిపితే దాని చుట్టూ తిరుగుతుంది. వెనక ఆకాశంలో చుక్కలు ఇష్టం వచ్చినట్టు పెట్టారని మరొకాయనకు నచ్చలేదు. ఆయన నిజమైన నక్షత్ర పటం తీసుకుని, చుక్కలను వాటి వాటి స్థానాల్లో అమర్చాడు. ఆటలో గెలవడానికి ఆ చుక్కలు ఎందుకూ పనికిరావు. అయినా తప్పుగా ఉండటం సహించలేకపోయాడు! ఆ ఆటను వాళ్ళు అమ్ముకోలేదు. అడిగినవాళ్ళకు ఇచ్చేశారు. ఇటువంటి పిచ్చికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

సరే, ఇప్పుడు నా పొరపాటు సంగతి.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతిలో కాంతి వక్రీభవనం చెబుతున్నాను. మూడో వరుసలో ఒక అబ్బాయి తల వంచుకుని రఫ్ నోట్సులో ఏదో గీస్తున్నాడు. వెళ్ళి చూస్తే పేజీ నిండా గళ్ళు, గళ్ళలో 'టెట్రిస్' ఆట ముక్కలు. పై నుంచి ముక్కలు పడుతుంటే వరుసలు నింపుతామే, ఆ ఆటే. నాకు కోపం వచ్చింది. "ఏరా, ఫోను లేకపోతే పుస్తకంలో కూడా గేములేనా? పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట నీలాంటివాడే!" అన్నాను. తరగతంతా ఘొల్లున నవ్వింది. పుస్తకం లాక్కుని బీరువాలో పడేశాను.

ఆ అబ్బాయి మార్కుల్లో మొదటివాడేమీ కాదు. కాని పాఠం మధ్యలో చెయ్యెత్తి "ఎందుకని మాష్టారూ?" అని అడిగే ఇద్దరు ముగ్గురిలో ఒకడు. ఆ రోజు నుంచి వాడు చెయ్యెత్తలేదు. ఈ సంగతి వెంటనే గమనించలేదు నేను. ప్రశ్నలు తగ్గితే పాఠం త్వరగా అయిపోతుంది. అది మాష్టార్లకు హాయిగానే ఉంటుంది!

ఏప్రిల్‌లో బీరువా సర్దుతుంటే ఆ నోట్సు దొరికింది. ఊరికే తిరగేశాను. మొత్తం పదిహేడు పేజీలు. ప్రతి పేజీలోనూ ఒకే ప్రయత్నం. టెట్రిస్‌లో ముక్కలు ఏడు రకాలు. ప్రతి ముక్కలోనూ నాలుగు గడులు. ఏడు ముక్కలూ ఒక్కొక్కటి తీసుకుంటే మొత్తం 28 గడులు. 28 అంటే 4 x 7. మరి ఆ ఏడింటినీ పేర్చి, సందులు లేకుండా, 4 గడుల వెడల్పు, 7 గడుల పొడవు గల దీర్ఘచతురస్రం చేయవచ్చునా? ఇదీ వాడి ప్రశ్న. ప్రతి పేజీకీ తేదీ వేశాడు. విఫలమైన ప్రతిసారీ ఎక్కడ అడ్డం వచ్చిందో రాశాడు. చివరి పేజీలో, నేను లాక్కున్న రోజు తేదీ కింద, "ఎప్పటికీ కుదరదేమో? ఎందుకు?" అని ఉంది.

నా తరగతిలో లేబొరేటరీ రికార్డులు ఎలా రాస్తారో నాకు తెలుసు. ఒకరిది చూసి నలభై మంది ఎక్కిస్తారు. ప్రయోగం ఎప్పుడూ విఫలం కాదు! నేను నవ్వులపాలు చేసిన ఆ నోట్సు, నా ఉద్యోగంలో నేను చూసిన అసలైన రికార్డు.

ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నాన్నగారికి సైకిళ్ళ రిపేరు కొట్టు ఉంది. నన్ను చూసి ఆ అబ్బాయి భయపడ్డాడు, ఫిర్యాదు చేయడానికి వచ్చాననుకుని. పుస్తకం చేతిలో పెట్టి, "తప్పు నాదిరా. నువ్వు చేస్తున్నది నేను చూడలేదు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మరి ఎందుకు కుదరదు మాష్టారూ?" అని. రెండు నెలల తర్వాత వాడి నోట ఆ మాట విన్నాను.

"నాకూ తెలియదు, చూద్దాం పద" అన్నాను. అట్టముక్కలు కత్తిరించి, కొట్టు అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి కూర్చున్నాం. చీకటి పడేదాకా నాకు తోచలేదు. గళ్ళను చదరంగం బల్లలా నలుపు తెలుపులుగా మారిస్తే ఎలా ఉంటుందని వాడే అన్నాడు. మరో పావుగంటకు జవాబు దొరికింది. అది ఎప్పటికీ కుదరదని రుజువు చేయవచ్చు! ఈ రుజువు గణిత పుస్తకాలలో ముందే ఉందని నాకు తర్వాత తెలిసింది. అయితేనేం? ఆ అరుగు మీద దాన్ని కనిపెట్టింది వాడే.

టెట్రిస్‌ను 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. సోవియట్ సైన్సు అకాడమీవారి కంప్యూటర్ కేంద్రంలో ఆయన పనిచేసేవాడు. ఆయన దగ్గరున్న యంత్రానికి బొమ్మలు గీయడమే రాదు. అక్షరాలతో పాటు ఉండే బ్రాకెట్లను పక్కపక్కన పెట్టి గడులు తయారుచేశాడు. అయిదేసి గడుల ముక్కలతో ఆడే పాత పజిలు ఒకటి ఆయనకు ఇష్టం. ఆ ఇష్టంలోంచే ఈ ఆట పుట్టింది. ఎంత పెద్ద తెర, ఎంత ఖరీదైన ఫోను అన్నది ముఖ్యం కాదని నేననేది ఇందుకే.

ఇంతవరకూ ఆటలను మెచ్చుకున్నాను. కాని అన్ని ఆటలూ ఒకటి కావు. మనం ఆడే ఆటలున్నట్టే, మనల్ని ఆడించే ఆటలు కూడా ఉన్నాయి. వీటి వెనకా సైన్సే ఉంది. బి. ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఎలుకలతోనూ పావురాలతోనూ ప్రయోగాలు చేశాడు. మీట నొక్కితే తిండి పడుతుంది. లెక్క ప్రకారం పడినప్పుడు జంతువు తిండి అందగానే కాస్త ఆగుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడో నొక్కుకు, ఒకసారి ఇరవయ్యో నొక్కుకు పడేటట్టు చేస్తే మాత్రం ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది. తిండి పూర్తిగా ఆపేసినా చాలాసేపు మానదు.

ఇప్పుడు మీ ఫోనులోని కొన్ని ఆటలను తలచుకోండి. డబ్బు కడితే ఒక మూసిన పెట్టె ఇస్తారు. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. తొంభై తొమ్మిది సార్లు పనికిమాలినది, ఎప్పుడో ఒకసారి అపురూపమైన కత్తో, చొక్కానో. రోజూ తలుపు తట్టకపోతే బహుమతి పోతుందని బెదిరింపు ఒకటి! ఇక్కడ మీట మీ వేలికింద ఉంది. ఎలుక ఎవరో నేను చెప్పనక్కర్లేదు. ఇటువంటి పెట్టెలు కొన్ని ఆటల్లో జూదం కిందికే వస్తాయని బెల్జియం దేశం 2018లో తేల్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆట మీద అదుపు తప్పి, చదువూ నిద్రా స్నేహాలూ దెబ్బతింటున్నా మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది. అది సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే వ్యాధి అంటారు. అరగంట ఆడినవాళ్ళందరూ రోగులని కాదు. అలాగని నాకేమీ కాదులే అని ధీమాగా ఉండటమూ మంచిది కాదు.

అందుకని ఆట ఆపిన తర్వాత మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. ఒకటి: ఇప్పుడు నా బుర్రలో ఉన్నది 'ఇదెలా జరిగింది?' అన్న ఆలోచనా, 'ఇంకొక్కసారి' అన్న ఆత్రమా? రెండు: ఈ ఆటలో నేను మెరుగుపడుతున్నానా, అదృష్టం కోసం ఎదురుచూస్తున్నానా? జవాబు నిజాయితీగా చెప్పుకోండి. మీ మాష్టారికి చెప్పనక్కర్లేదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1989లో ఇళ్ళలో ఆడుకునే యంత్రం కోసం టెట్రిస్ వచ్చింది. 29వ మెట్టు చేరితే ముక్కలు విపరీతమైన వేగంతో పడతాయి. ఇక అక్కడితో మనిషి పని సరి అని ఏళ్ళ తరబడి అందరూ నమ్మారు. అభిమానులు మాత్రం ఊరుకోలేదు. మీటను ఒక వేలితో నొక్కి పట్టుకోవడం మాని, చేతిలోని కంట్రోలరు వెనకవైపు వేళ్ళను వరుసగా తాటించే పద్ధతి కనిపెట్టారు. దాన్ని దాచుకోకుండా అందరికీ నేర్పారు. చివరకు 2023 డిసెంబరులో అమెరికాలో 13 ఏళ్ళ కుర్రవాడు ఒకడు 157వ మెట్టు చేరాడు. అక్కడ ఓడింది కుర్రవాడు కాదు, ఆటే! తెర మారేలోగా స్కోరు లెక్క పూర్తిచేయలేక ప్రోగ్రాము ఆగిపోయింది. ఎగ్జిబిషనులో నేను చూసిన పెట్టెకు ఉన్న ఇబ్బందే దీనికీ ఉందన్నమాట. ముప్ఫైనాలుగేళ్ళు ఎవరూ చేయలేనిది మీ ఈడువాడు చేశాడు. ఒక్కడి గొప్పతనమే కాదది. తమకు తెలిసింది పంచుకున్న ఎందరో అభిమానుల పిచ్చి అది.

మీరూ ప్రయత్నించండి. గళ్ళ కాగితం మీద టెట్రిస్ ముక్కలు ఏడూ గీసి, అట్టకు అంటించి కత్తిరించండి. వాటితో 4 x 7 దీర్ఘచతురస్రం ఎందుకు రాదో కనుక్కోండి. సూచన ఆ అబ్బాయిదే: గడులకు చదరంగం బల్లలా రెండు రంగులు వేయండి. ఒక్కో ముక్క కింద ఏ రంగు గడులు ఎన్ని వస్తాయో లెక్కపెట్టండి. ఆరు ముక్కలు ఒక రకంగా, ఒక్క ముక్క మరో రకంగా ప్రవర్తిస్తాయి.

మీరు ఇది చేస్తుండగా ఏ మాష్టారైనా నాలాగే పుస్తకం లాక్కున్నారనుకోండి. భయపడకండి. ఈ పేజీ చూపించి, "మాష్టారూ, ఇది ఎందుకు కుదరదో మీకు తెలుసా?" అని అడగండి. ఆయన కూడా సుద్దముక్క తీసుకుని మీ పక్కన కూర్చుంటారేమో! ఏది ఏమైనా, ఎత్తిన చెయ్యి మాత్రం దించకండి.